సర్వర్‌కు బొట్టు

పద్దెనిమిది వేలు. గంతే ఉండె అయ్యగారు నా చేతుల, ఈ షాపు షటరు మొదటిసారి ఎత్తిననాడు. అండ్లకెల్లి పద్దెనిమిది వందలు తీసి మీ చర్చి కానుకల సంచిల ఏసిన. దశమభాగం లాభంల తియ్యాలె, పెట్టుబడిల కాదని నాకప్పుడు తెల్వది. మీకు తెలుసు. మీరు చెప్పలె.

దాని గురించి ఇప్పుడేం అంటలేను. దేవునికిచ్చిన, అయిపోయింది. నేననేది ఏందంటే, గంత లెక్క పెట్టుకొని ఇచ్చినోడు దేవుణ్ని విడిచిపెట్టిండని ఒక్క ఫోటో చూసి ఎట్లన్నరు?

కూసోండ్రి. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతది. గా మానిటర్ డబ్బా మీద కూసోండ్రి. లోపట థర్మాకోల్ ఉన్నది, ఏం కాదు.

పొద్దుగాల్నే రెండు రిపేర్లు పట్టుకొని వచ్చిన్రు మీరు. ఒకటి మీ ల్యాప్‌టాప్, ఆన్ అయితలేదు. రెండోది నేను. ముందుగాల ల్యాప్‌టాప్ ఇప్పుత. చేతుల స్క్రూడ్రైవర్ ఉంటెనే నాకు నోరు మంచిగ తిరుగుతది.

ఆ ఫోను ఇటు చూపకుండ్రి. నాకు తెలుసు ఆ ఫోటో. నా నొసట రూపాయి బిళ్లంత కుంకుమ, చేతుల కొబ్బరికాయ, వెనుకకు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు. కాలేజోళ్లే ఫేస్‌బుక్‌ల పెట్టుకున్నరు. మన ప్రేమలతక్క బిడ్డ గదే కాలేజీల చదువుతది కద, అక్క కంట్ల పడ్డది. స్త్రీల సహవాసం గ్రూపుల పెట్టింది. కింద ఏం రాసింది? పడిపోయిన సోదరుడు మహేశ్ కొరకు ప్రార్థించండి. అరవై రెండు దండాల బొమ్మలొచ్చినయి దానికి. నా షాపు తెరిచిన ఫోటో పెడితే నాలుగొచ్చినయి.

మా యాడికి, అంటే మా అమ్మకు, చదవరాదు. ఎవరో ఫోన్ చేసి చెప్పిన్రు. లాలమ్మా, నీ కొడుకు పడిపోయిండట అని. మా అమ్మ తండాల బావికాడ బట్టలు పిండుతున్నదల్లా, ఎక్కడ, ఏ బండి మీదకెల్లి అని ఏడ్చుకుంట ఆటో ఎక్కింది. మానుకోట బస్టాండుల దిగి నన్ను నిలువునా చూసి, కాళ్లు చేతులు మంచిగనే ఉన్నయని దేవునికి స్తోత్రం చెప్పింది. అటెన్క అసలు సంగతి తెలిసి చెంప మీద ఒకటేసింది.

మా తండాల మొదటగాల బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆమె. మీకు నేను చెప్పాల్నా. ఇప్పుడు మీరేమో ఆదివారం నన్ను ప్రభువు బల్లకు రావద్దంటున్నరు. సంఘం ముందట నిలబడి, విగ్రహారాధన చేసిన, తప్పయింది, ఇగ ఆ కాలేజీ గడప తొక్క అని ఒప్పుకునేదాక నాకు రొట్టె లేదు, గిన్నె లేదు. అంతేనా? తల ఊపుడు కాదు అయ్యగారు, గంత పెద్ద మాట నోటితోని చెప్పుండ్రి.

సరే. చెప్పకుండ్రి. నేనే చెప్త.

దసరాకు ఆయుధ పూజ చేస్తరు గదా. ట్రాక్టర్‌కు చేస్తరు, బోరు మోటార్‌కు చేస్తరు, లారీకి చేస్తరు. లారీ మీద బిందెడు పసుపు నీళ్లు గుమ్మరించినా దానికేం కాదు, అది వానల తిరిగేదే. కంప్యూటర్ గట్ల కాదు. పాపం దానికి వానంటే తెల్వదు. పుట్టిన సంది ఏసీల ఉన్నది.

నేను ఈ పని పట్టిన సంది చూస్తున్న. దసరా తెల్లారి నా ఫోన్ ఆగదు. కీబోర్డు మీద కొబ్బరి నీళ్లు. ప్రింటర్ల కాగితం పెట్టే కాడ బంతిపూల రెక్కలు. ఒక ఆఫీసుల కెమెరా కంటికి గంధం, వాళ్లు మీటింగుల మంచు కురిసినట్టు కనబడ్డరు. పెద్దవంగరల ఒక ఎరువుల షాపాయన సీపీయూ డబ్బా మీద కర్పూరం వెలిగించి, డబ్బా కాలిందని నా మీద మండిపడ్డడు, నువ్వు నాసిరకం డబ్బా ఇచ్చినవని.

కుంకుమ అన్నిటికంటె మోసం. లోపట ఫ్యాన్ తిరుగుతుంటది గదా, గాలితోపాటు గుంజుకుంటది. పైన చూస్తే ఏం ఉండదు. ఇప్పి చూస్తే లోపట బతుకమ్మ ఆడినట్టుంటది.

చెప్పలేదా అంటరా? నాలుగేండ్లు చెప్పిన. ఆ కాలేజీ నడిపిచ్చే శ్రీలత మేడంకు చేతులు జోడించి చెప్పిన. మేడం, నీళ్లు వద్దు, షార్ట్ అయితది అని. ఆమె ఏమన్నదో తెలుసునా? పిల్లగా, నీ మతం ఇంట్ల పెట్టుకొని రా అన్నది. నేను చెప్పింది కరెంటు గురించి. ఆమెకు వినబడ్డది క్రీస్తు గురించి.

పోనీ అని ప్లాస్టిక్ కవర్లు తొడిగిన అన్నిటికి. అటెండర్ యాకయ్య అన్న అన్ని పీకి పక్కకు పెట్టిండు. కవర్ మీద బొట్టు పెడితే లోపల దానికెట్ల ముడ్తది అన్నడు. కవర్లు మలిచి సంచిల పెట్టుకున్న.

మీరు నవ్వకుండ్రి అయ్యగారు. మన కథ కూడ గదే.

పోయినేడు చర్చికి మైకుల కోసం కొత్త సౌండ్ మిక్సర్ కొన్నం. ప్రతిష్ఠ ప్రార్థన నాడు మీరు నూనె సీసా తీసిన్రు. అయ్యగారు, నూనె వద్దు, బటన్ల సందుల్నించి లోపటికి దిగుతది అని మీ చెవుల చెప్పిన. మీరేమన్నరు? మహేశూ, నీకు విశ్వాసం తక్కువైంది అన్నరు. ఆ చల్లుడు చల్లుడుల మైకు మీద కూడ నాలుగు బొట్లు పడ్డయి. క్రిస్మస్‌ల మీరు శాంతి సమాధానం అని వాక్యం చెప్తుంటె గరగర అన్నది ఎందుకనుకున్నరు? సాతాను అడ్డుకుంటున్నడని మీరు సంఘంతోని గద్దింపు ప్రార్థన చేయించిన్రు. నేను వెనుక మూలకు కూసోని ఆమెన్ అన్న. ఏం జేయాలె మరి.

అక్కడ చెప్తే కిరస్తానమోడు గందుకే వద్దంటున్నడు. ఇక్కడ చెప్తే విశ్వాసం లేనోడు గందుకే వద్దంటున్నడు. రెండు దిక్కుల నేను మొత్తుకున్నది తడి గురించే.

ఇగో, కింది రేకు ఊడింది. జర ఆ లైటు ఇటు తిప్పుండ్రి.

ఇగ ఈ ఏడు సంగతి. దసరా సెలవులిచ్చే ముందురోజు కాలేజీల పూజ పెట్టుకున్నరు. నన్ను పిలిచింది పూజకు కాదు, కొత్త సర్వర్ బిగించెటందుకు. సర్వర్ అంటే మిగిలిన కంప్యూటర్లన్నిటికి పెద్దమనిషి అనుకోండ్రి. పిల్లల మార్కులు, ఫీజులు, పరీక్షల హాజరు అన్ని దాని కడుపులనే. నేను అప్పుడే ఆన్ చేసి పాత లెక్కలన్ని దాండ్లకు ఎక్కిస్తున్న. సగం ఎక్కినయి. పూజారి వస్తడన్నోడు రాలె. ఆయనకు ఆరోజు పెట్రోల్ బంకున్నది, రెండు రైస్ మిల్లులున్నయి, ఏ గంటకు ఎక్కడుంటడో ఆయనకే తెల్వదు. మేడంకు ముహూర్తం దాటుతున్నదని పరేషాన్. నువ్వే కానియ్యి యాకయ్యా అన్నది.

యాకన్న రాగి చెంబుల పసుపు నీళ్లు, మామిడాకు పట్టుకొని లోపటికొచ్చిండు. ఆకు ముంచిండు. చెయ్యి ఎత్తిండు.

నాకు దేవుడు యాదికి రాలె, దయ్యం యాదికి రాలె. మదర్‌బోర్డు యాదికొచ్చింది.

యాకన్నా ఆగు, దీనికో పద్ధతున్నది అన్న. ఏం పద్ధతిరా అన్నది మేడం. నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో వచ్చింది. మేడం, సర్వర్‌కు ముందట ముఖం, వెనుక ముక్కు. ముక్కు మీద తడి పడితే దోషం అన్న.

దోషం అన్నంక యాకన్న చెంబు కింద పెట్టిండు.

నాలుగేండ్లు షార్ట్ సర్క్యూట్ అని మొత్తుకున్న అయ్యగారు. ఒక్కలకు ఎక్కలె. దోషం అంటే చాలు, చప్రాసీ కాడికెల్లి మేడం దాక అందరు ఒక అడుగు వెనుకకేసిన్రు. నాకు కూడ ధైర్యమొచ్చింది. ఇంక చెప్పిన. నీళ్లు గడప దాటి లోపటికి రావద్దు. బొట్టు పొడిది, ఇనుప తలుపుకు కింద మూలకు పెట్టాలె. వెనుక పూలు కడితే దానికి ఊపిరాడదు, పాపం తగుల్తది. సాంబ్రాణి కిటికీ అవతల. కొబ్బరికాయ జనరేటర్ కాడ కొట్టాలె, శక్తి వచ్చేది అక్కడికెల్లే గదా. ఇవన్ని మేం కస్టమర్లకు రాసిచ్చే జాగ్రత్తలే. ఎండకు పెట్టద్దు, గాలి ఆడాలె, తడి తగలద్దు. మాట మార్చి చెప్పిన, గంతే.

మేడం అంతా విన్నది. పద్ధతి తెలిసినోనివి, నువ్వే చెయ్యి అన్నది.

అప్పుడు కాదనాల్సింది. మీరన్నది నిజమే. కానీ యాకన్న చెంబు ఇంక గక్కడనే ఉన్నది. నేను కాదంటే అది మళ్ల లేస్తది. పూజ చేసేటోడు బొట్టు లేకుంట ఉంటడా అని ఆయననే నా నొసట దిద్దిండు. ఎవరో కొబ్బరికాయ చేతుల పెట్టిన్రు, ఎవరో ఫోటో తీసిన్రు. గదే మీ ఫోన్ల ఉన్నది.

మంత్రం ఏం చదివినవ్ అంటరు. నాకేం మంత్రాలొస్తయి. పెదవులు కదలాలె గదా, అందరు కండ్లు మూసుకొని నిలబడ్డరు. ప్రార్థన చేసిన. మన ప్రార్థననే. మా యాడి పొద్దుగాల పొయ్యికాడ చేసుకున్నట్టు మా లంబాడి మాటలల్ల చేసిన. ప్రభువా, ఈ మిషన్‌ను కాపాడు, సగంల ఉన్న లెక్కలు పోనియ్యకు, ఈ చెంబును దూరం పెట్టు అని. ఎవలకు అర్థం కాలె. యాకన్న అయితే బయటికొచ్చినంక, మంచిగ చదివినవ్ పంతులూ, ఏ వేదం అది అన్నడు. నేను కురవి దిక్కుది అన్న.

సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన్రు. ఒక్క మిషన్ పోలె. ఒక్కటి. నీ చెయ్యి మంచిదన్నది మేడం. ఇగ చూడుండ్రి. కురవి మీసేవోళ్లు పిలిచిన్రు. జనగామల చిట్టీల ఆఫీసోళ్లు పిలిచిన్రు. భూపాలపల్లికెల్లి ఒక జిరాక్స్ షాపాయన ఫోన్ చేసి, విండోస్ ఎక్కిచ్చెటందుకు ఏ వారం మంచిది మహేశ్ గారూ అని అడిగిండు. నాకు మంగళవారం పని లేదు, మంగళవారం అన్న. ఇప్పుడు అందరికి మంగళవారమే కావాలె. బస్టాండు కాడ కంప్యూటర్లు బాగు చేసే కొత్త దుకాణమాయన కూడ నన్నడిగిండు, మంగళవారం శాస్త్రం ఎక్కడ నేర్చుకున్నవ్ అని.

ఏందది, మీ మొఖం జర వెలిగింది? ప్రార్థన మన ప్రభువుకే చేసిన అన్న మాట పట్టుకున్నరా? అవును, గదే సాక్ష్యం చెప్పమంటరు. అన్యుల నడుమ రహస్యంగ ప్రభువును ఘనపరచిన సోదరుడు అని మీరు ముందుమాట చెప్తరు. ప్రేమలతక్క మళ్ల గ్రూపుల పెడ్తది, ఈసారి చప్పట్ల బొమ్మలొస్తయి. బల్ల నాకు తిరిగొస్తది.

ఆగుండ్రి. ఫ్యాన్ తీస్తున్న.

ఇగో, చూసిన్రా? ఫ్యాన్ తిరుగుతలేదు. దుమ్మంత నూనెల కలిసి ముద్దయింది, అప్పాల పిండి లెక్క. నూనె నీళ్ల తీరు అప్పటికప్పుడే కొట్టదు, ఇట్ల మెల్లగ పట్టుకుంటది. గాలి లేక మిషన్ కాగి దానంతటదే పండుకుంటది. బటన్ కూడ అతుక్కపోయింది. మంచి వాసన వస్తున్నది. ఒలీవ నూనె గదా? మొన్న ఉజ్జీవ సభల ముందట చల్లినట్టున్నరు, వాక్యాలన్ని దీండ్లనే ఉన్నయని.

నేనేం అడగలె అయ్యగారు. కింది దిక్కు ఎందుకు చూస్తరు. నేను ఫోటో తీసి గ్రూపుల పెట్ట. దూది, స్పిరిట్టు ఉన్నయి, తుడుస్త. మీ వాక్యాలు ఎక్కడికి పోలె. భయపడకుండ్రి.

కానీ ఆ సాక్ష్యం నేను చెప్ప. ఎందుకంటే అది సగమే నిజం. మిగిలిన సగం ఇప్పుడు చెప్త, మీరు పాస్టర్ అయి విన్నా సరే, కస్టమర్ అయి విన్నా సరే.

పూజ అయినంక శ్రీలత మేడం యాకన్నతోని, మహేశ్ గారికి నా రూంల కుర్చీ ఎయ్యి అన్నది.

ఐదేండ్ల సంది పోతున్న ఆ కాలేజీకి. నేను అండ్ల ఎక్కువ చూసింది టేబుళ్ల కిందనే. ఏ మేడం ఏ చెప్పులేసుకుంటదో చెప్పగల్గుత, మొఖాలు చెప్పలేను. పని అయినంక తలుపు కాడ, చెప్పులు విడిచే జాగల నిలబడి సంతకం పెట్టించుకునేటోణ్ని. చాయ్ ఇస్తె కాగితం గిలాసల, నిలబడి తాగుడే. వాళ్లు ఊరికి పెద్దోళ్లు, నేను తండా పిల్లగాణ్ని. ఎవలు తిట్టలె, ఎవలు కొట్టలె. కూసోమనలేదు, గంతే.

ఆరోజు కూసున్న. మెత్త కుర్చీ, చేతులు పెట్టుకునేటందుకు పట్టెలు కూడ ఉన్నయి. స్టీలు గిలాసల చాయ్. వాళ్లు తాగే గిలాసనే. మేడం మా నాయిన పేరడిగింది. జాల్యా అని చెప్పిన. ఎన్ని ఎకరాలు, అక్కచెల్లెండ్లు ఎందరు అన్ని అడిగింది. నేను సర్వర్ మర్చిపోయిన. నా నొసట ఆ బొట్టు ఆరి గుంజుతున్నది, అది గుంజినప్పుడల్లా నాకు మంచిగనిపిచ్చింది. కడుక్కోవద్దనిపిచ్చింది. బస్టాండు దాక గట్లనే వచ్చిన.

గిది నా తప్పు. విగ్రహానికి మొక్కలె. కుర్చీకి మొక్కిన.

అందుకే తర్వాత కురవికి పోయిన, జనగామకు పోయిన. నీళ్లు ఆపెటందుకు అని మీకు చెప్తున్న గదా, వట్టిదే. ఫోన్ల చెప్తే ఆగేవి ఆ నీళ్లు. కుర్చీ ఏస్తరని పోయిన. అందరు ఏసిన్రు.

మీరు అడుగరు గని, అడిగితే చెప్త. చర్చిల కుర్చీ లేదా అని. లేదు అయ్యగారు. నాది మిక్సర్ మూల. ఫ్యాన్ రాదు అక్కడికి. పాట మంచిగ సాగుతుంటె నేను ఉన్న సంగతి ఎవలకు తెల్వదు, మైకు కూసిందంటె అందరు ఒక్కసారె వెనుకకు తిరుగుతరు. పెద్దల మీటింగుకు నన్ను పిలుస్తరు, ప్రొజెక్టర్ బిగించినంక పొమ్మంటరు. అక్కడ కూడ నేను వైర్ల మనిషినే.

ఒక్క బల్ల కాడ కాదు. బల్ల కాడ వరుసల నిలబడ్త. నా ముందట బ్యాంకు మేనేజరుంటడు, వెనుక ప్రేమలతక్క ఉంటది. ఒకటే రొట్టె, ఒకటే గిన్నె. నా పెదవి తగిలిన కాడనే ఆమె పెదవి తగుల్తది, ఆమె తుడుచుకోదు. మా యాడి ఈ తోవ పట్టిందే అందుకు. దేవుని గురించి ఆమెకు ఏమర్థమైందో నాకు తెల్వదు, ఆ గిన్నె మాత్రం అర్థమైంది.

మీరు నా దగ్గరికెల్లి అది గుంజుకుంట అన్నరు. నేను కుర్చీ వదిలిపెడితే గిన్నె ఇస్త అంటరు. మేడంకు ఆనాటి నా ప్రార్థన సంగతి తెలిస్తే, నువ్వు గిన్నె వదిలిపెడితేనే కుర్చీ అంటది కావొచ్చు. ఊరంత తిరిగినా నన్ను మనిషి లెక్క చూసింది రెండు జాగలల్లనే. రెండిట్ల ఏ ఒక్కదాండ్లనన్నా నేను ఏది వదిలిపెట్టకుంట ఊకె పోయి ఉండరాదా?

సరే. మీకు కూడ సంఘం ఉన్నది, పెద్దలున్నరు, మీ తిప్పలు మీకున్నయి. నాకు కోపం లేదు.

ఇగో, లైటొచ్చింది. ఫ్యాన్ చప్పుడు వినుండ్రి. ఆదివారం వాక్యం మీద రెండు సార్లు నొక్కితే తెరుచుకుంటది. మూత ఏసి ఇస్త.

పొద్దున మేడం ఫోన్ చేసింది. హాస్టల్‌ల కొత్త ల్యాబు పెడుతున్నరు, పదకొండింటికి పూజ, తెల్ల అంగీ ఏసుకొని రమ్మన్నది. ఏసుకున్న, చూసిన్రు గదా. మీరు వచ్చిననాటి సంది ఈ అంగీనే చూస్తున్నరు, నాకు తెలుసు.

పోత. పోయి చెప్త. మేడం, ఆ దోషం, ఆ ముక్కు, ఆ మంగళవారం, అంత నేను అల్లిన ముచ్చట. నేను ఇప్పటికి ప్రార్థన చేసుకునే మనిషినే. పూజ పూజారితోని మంచిగ చేయించుకోండ్రి, నాకేం అడ్డం లేదు, నీళ్లొక్కటి మాత్రం దూరం పెట్టుండ్రి అని చెప్త. చెప్పినంక ఆమె రూంలకు పోయి, ఎవలు ఎయ్యకుంటనే, ఆ కుర్చీ గుంజుకొని కూసుంట. బొట్టు లేకుంట. లెమ్మంటే లేస్త, టేబుల్ కింద నాకు పాత జాగ ఉన్నది. అనకపోతే చాయ్ తాగుత.

ఆదివారం గూడ వస్త. ముందట నిలబడి ఒప్పుకోను, సాక్ష్యం చెప్పను. వరుసల నిలబడ్త. గిన్నె నా దాక తెస్తరా, నన్ను దాటేసి ప్రేమలతక్కకు ఇస్తరా, అది మీ చెయ్యి.

లేవుండ్రి అయ్యగారు, షటరు దించాలె. పదకొండుకు పది నిమిషాలే ఉన్నయి.